బయోసెన్సర్లు – రైతు బిడ్డలకు పరిశోధనావకాశములు

వేరుశనగ గింజ పైకి నిగనిగలాడుచున్నను లోపల అఫ్లాటాక్సిన్ అను విషము ఉండవచ్చును. ఆస్పర్జిల్లస్ అను బూజు దీనిని పుట్టించును. కాయ ఊరు దశలో బెట్ట తగిలినను, పీకిన పిదప కాయ సరిగా ఆరకున్నను ఈ బూజు పెరుగును. ఈ విషము కాలేయమును చెరచును, కేన్సరుకు దారి తీయును. నేరుగా తినుటకు అమ్ము వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు మించినచో యూరపు దేశములు సరుకును అంగీకరింపవు. ఇంత స్వల్ప మోతాదు కంటికి గాని, నాలుకకు గాని తెలియదు. ప్రయోగశాలకు పంపిన ఫలితము వచ్చులోగా రైతు సరుకు అమ్ముకొనవలసి వచ్చును. కళ్ళములోనే పరీక్ష జరుగు మార్గము కావలెను. అట్టి మార్గమే బయోసెన్సరు.

బయోసెన్సరు అనగానేమి?

ఇందు రెండు భాగములు గలవు. మొదటిది ఒక జీవ పదార్థము: ఎంజైము గాని, యాంటీబాడీ గాని. తాళమునకు తాళపుచెవి వలె ఇది తనకు తగిన పదార్థమునే గుర్తించును. రెండవది ఆ గుర్తింపును విద్యుత్తుగానో, రంగుగానో మార్చి చూపును. 1962లో అమెరికాలో లీలండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ అను శాస్త్రజ్ఞులు ఎంజైము ఎలక్ట్రోడును ప్రతిపాదించిరి. చక్కెర వ్యాధి గలవారు ఇంటివద్ద రక్తపు బొట్టుతో చేసికొను పరీక్ష ఈ కోవలోనిదే.

పురుగుమందులకును ఇదే సూత్రము. ఆర్గానోఫాస్ఫేటు మందులు పురుగు నరములలోని కోలినెస్టరేసు అను ఎంజైమును స్తంభింపజేయును. ఆ ఎంజైమునే పరికరములో ఉంచినచో, దాని పని మందగించుటను బట్టి కూరగాయలపై మందు అవశేషమున్నదని గ్రహింపవచ్చును.

తేలవలసిన సమస్యలు

1. మన ఎండలకు ఎంజైము చెడిపోవును. దానిని నెలల తరబడి నిలుపుట ఎట్లు?
2. వేరుశనగ నూనె, మిరప రంగు పరీక్షకు అడ్డు వచ్చును.
3. విషము కొద్ది గింజలలోనే చేరియుండును. గుప్పెడు గింజల పరీక్షతో బస్తాను నిర్ణయింపరాదు.
4. కోలినెస్టరేసు పరీక్ష మందు ఉన్నదని చెప్పునే గాని, ఏ మందో చెప్పదు.

ఇవి యన్నియు పిహెచ్.డి. పరిశోధనకు తగిన విషయములు.

చేరు విధము

సాధారణముగా బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, రసాయన శాస్త్రము, తెగుళ్ళ శాస్త్రము లేక ఎలక్ట్రానిక్సులో స్నాతకోత్తర పట్టా పొందిన పిదప ఇందు ప్రవేశింపవచ్చును. సి.యస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ ద్వారా జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు వచ్చినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప సీనియర్ ఫెలోలకు 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. వ్యవసాయ విశ్వవిద్యాలయములలో చేరగోరువారు ఐ.సి.ఎ.ఆర్. ప్రవేశ పరీక్ష వ్రాయవచ్చును. పిహెచ్.డి.కి కనీసము మూడేండ్లు పట్టును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అఫ్లాటాక్సిన్ పరీక్షలపై కృషి చేసినది. కారైకుడిలోని విద్యుద్రసాయన పరిశోధనాలయము, కర్నాలులోని పాడి పరిశోధనాలయము కూడ విచారింపదగినవి. చేరుటకు ముందే మార్గదర్శకుని విషయము, కావలసిన పరికరములు గలవా లేవా అనునది అడిగి తెలిసికొనవలెను.

గ్రామాధికారులు ఈ సంగతిని చదువుకొన్న యువతీయువకులకు తెలుపవలెను. పరిశోధకులు వచ్చినపుడు రైతులు మంచి కాయతోపాటు బూజుపట్టిన కాయను గూడ దాచక ఇయ్యవలెను. పరికరము చేతికి వచ్చువరకు కాయలను తేమ 8 శాతమునకు తగ్గువరకు ఆరబెట్టుడు. ఒలుచుటకు ముందు నీరు చల్లవద్దు. పుచ్చు, ముడుత గింజలను ఏరి వేరు చేయుడు.