తేనె గుణం, దాని కారణం



జబ్బు చేసిన భిక్షువులకు బుద్ధుడు అనుమతించిన ఐదు ఔషధాల్లో తేనె ఒకటి. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం ఏడు రోజుల దాకా దగ్గర ఉంచుకోవచ్చని వినయ పిటకం చెబుతుంది. బుద్ధుడు చెప్పాడు కదా అని ఊరుకోకండి. తేనె ఎలా పనిచేస్తుందో అడగండి. కారణం లేకుండా ఏదీ జరగదన్నదే కదా ధమ్మం!

తేనెలో నీళ్లు సాధారణంగా నూటికి 20 పాళ్లు దాటవు. మిగతాదంతా దాదాపు చక్కెరలే. అవి సూక్ష్మజీవుల్లోని నీటిని లాగేస్తాయి. తేనెకున్న పులుపు గుణం కూడా చాలా సూక్ష్మజీవులను పెరగనివ్వదు. తేనెటీగలు కలిపిన ఒక ఎంజైమ్ వల్ల, తేనెకు తడి తగిలినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పుడుతుంది. పుండ్లలో చీము పట్టించే స్టాఫిలోకాకస్‌ను ఇది అణచగలదు. అలాగని వంటింటి తేనె పుండుకు రాయకండి. ఆసుపత్రుల్లో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె.

ఇప్పుడు అసలు సంగతి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. మానేయండి. తేనె అన్ని క్రిములనూ చంపదు. క్లోస్ట్రిడియం బొట్యులినం బీజాలు అందులో చావకుండా ఉండొచ్చు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషం పుట్టించవచ్చు. దాంతో కండరాలు చచ్చుబడి ఊపిరికే ముప్పు వస్తుంది. ఇంట్లో కాచినా ఆ బీజాలు పోవు.

అమ్మమ్మో నాయనమ్మో తేనె గిన్నె తెస్తే కోప్పడకండి. "ఏడాది నిండాక పెడదాం అమ్మా" అని కారణం చెప్పండి. కరుణకు ప్రజ్ఞ తోడు కావాలి.

నమో బుద్ధాయ.