కెమెరా తర్వాత కొనండి, ముందు వెలుతురును చదవనివ్వండి

ఇంటర్ ఫలితాలు వచ్చాక కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య తరచూ ఒక ప్రశ్న వేస్తున్నారు: "మావాడికి ఫొటోగ్రఫీ అంటే ప్రాణమండీ. ఏ కెమెరా కొనిమ్మంటారు?" కొన్నేళ్ల కిందటైతే "ఆ కెమెరా పిచ్చి వదిలించండి" అంటూ వచ్చేవారు. పిల్లల ఇష్టాన్ని వినే దాకా వచ్చారు, సంతోషం. అయితే ఆ ఇష్టం బయటపడగానే ఖరీదైన వస్తువు కొనేయాలి, కొన్న మరునాటి నుంచే అది సంపాదించి పెట్టాలి అన్న తొందర చూస్తే నాకు భయం వేస్తోంది. కెమెరా చేతికొస్తే ఫొటోగ్రాఫర్ అయిపోతాడన్నది మన ఇళ్లలో బలంగా నాటుకున్న అపోహ.

ఒకసారి లెక్క వేసి చూడండి. పెళ్లిళ్లకు వాడే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ లక్షన్నర దాటుతుంది. దానికి తగిన జూమ్ లెన్స్ ఒక్కటే లక్ష పైమాట. ఫ్లాష్‌లు, మెమరీ కార్డులు, బ్యాటరీలు, ఎడిటింగ్‌కు తట్టుకునే కంప్యూటర్, హార్డ్ డిస్కులు కలిపితే నాలుగైదు లక్షలు అవుతుంది. చేతిలో అంత లేనివారు నగలు తాకట్టు పెట్టి, వాయిదాల మీద కొంటున్నారు. మరి రాబడి? మన దగ్గర కొత్తగా వచ్చే ఫొటోగ్రాఫర్లలో ఎక్కువమంది నమ్ముకునేది పెళ్లిళ్లనే. పెళ్లిళ్లు పంచాంగాన్ని బట్టి జరుగుతాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో ముహూర్తాలున్న రోజున ఒకేసారి రెండు మూడు ఆర్డర్లు వస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ఫోన్ మోగదు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో తగిలితే ఆ వారాలూ ఖాళీయే. వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. పందొమ్మిదేళ్ల పిల్లవాడి నెత్తిన ఆ బరువు పెడితే నేర్చుకోవడం మానేసి, ఎవరు పిలిస్తే వారి దగ్గరకు, ఎంతిస్తే అంతకు పరిగెత్తుతాడు. రెండేళ్లు తిరిగేసరికి సగం ధరకు కెమెరా అమ్మేసి, ఒకప్పుడు ప్రాణంగా ప్రేమించిన పనిమీదే విరక్తి తెచ్చుకున్న పిల్లలను నేను చూశాను. వాళ్లలో ప్రతిభ లేక కాదు, నైపుణ్యం రాకముందే సంపాదించమన్నాం.

మొదటి ఆరు నెలలు నేర్చుకోవాల్సింది వెలుతురును గమనించడం. దానికి ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. నాయనమ్మనో తాతయ్యనో కిటికీ పక్కన కూర్చోబెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. ముఖం కిటికీ వైపు ఉన్నప్పుడు ఒకటి, పక్కకు తిరిగినప్పుడు ఒకటి, కిటికీకి వీపు పెట్టినప్పుడు ఒకటి తీయండి. మనిషి ఒక్కరే, ఫోన్ ఒక్కటే, అయినా మూడు వేర్వేరు ముఖాలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం డాబా మీద తీస్తే కళ్ల కింద నల్లటి నీడలు ఎందుకు పడుతున్నాయో, సాయంత్రం ఐదు గంటలకు అదే ముఖం ఎందుకు మెత్తబడిందో పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి. పసుపు షామియానా కింద నిలబడ్డ అందరి చర్మమూ ఎందుకు పచ్చబడుతుందో, వైట్ బ్యాలెన్స్ మార్చి దాన్ని ఎంతవరకు సరిచేయవచ్చో చూసుకోవాలి. వీటికి ఫీజు లేదు. రోజూ చేసేవారికే అబ్బుతాయి.

వెలుతురు అర్థమయ్యాక మూడు మీటలు: అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ. వీటిని సూత్రాలుగా బట్టీ పట్టే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎంసెట్ కోచింగ్ అలవాటు ఇక్కడికీ వచ్చేసింది. వీటిని ఫలితంతో కలిపి నేర్చుకోవాలి. తలంబ్రాలు పోసుకునే క్షణాన్ని సెకనులో 60వ వంతు షట్టర్‌తో తీస్తే బియ్యపు గింజలు గీతల్లా సాగిపోతాయి, 500వ వంతుకు పెంచితే గాల్లో ఆగిపోతాయి. వేగం పెంచితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి అపర్చర్ తెరవాలి, లేదంటే ఐఎస్‌ఓ పెంచాలి. ఐఎస్‌ఓ మరీ పెంచితే అర్ధరాత్రి ముహూర్తం ఫొటోల్లో చుక్కలు చుక్కలుగా నాయిస్ కనిపిస్తుంది. ఇక అపర్చర్. కొత్తవాళ్లందరికీ వెనకంతా మసకబారే బ్లర్ మోజు. ఎఫ్ 1.8 పెట్టి రెండు వరుసల కుటుంబం ఫొటో తీస్తే ముందు వరుస స్పష్టంగా వచ్చి, వెనక నిలబడ్డ మేనమామలు మసకగా మిగులుతారు. అక్కడ ఎఫ్ 5.6, ఎఫ్ 8 దాకా వెళ్లాలి. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఐఎస్‌ఓ 100 ఉంటే షట్టర్‌ను సెకనులో 100వ వంతు దగ్గర ఉంచమన్నది ఫిల్మ్ రోజుల నుంచి ఉన్న లెక్క. మీటర్ చూడకుండా దానితో కొన్నాళ్లు సాధన చేస్తే కంటికి అంచనా వస్తుంది. ఫోన్ చాలావరకు తనే సరిదిద్దేస్తుంది, పైగా చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. అందుకే ఈ దశలో బంధువుల దగ్గరో స్నేహితుల దగ్గరో మూలనపడ్డ పాత డీఎస్‌ఎల్‌ఆర్ అడిగి తెచ్చుకోండి. అద్దెకూ దొరుకుతాయి.

ఇప్పుడు కోచింగ్ సంగతి. రెండు రోజుల వర్క్‌షాప్, మోడల్ వాళ్లే తెస్తారు, లైట్లు వాళ్లే అమరుస్తారు, ఇరవై మంది విద్యార్థులు ఒకరి వెనక ఒకరు నిలబడి ఒకే ఫొటో తీస్తారు. ఇంటికొచ్చాక ఆ లైటు ఎక్కడ, ఎందుకు పెట్టారో చెప్పమంటే చెప్పలేరు. ఆ ఫొటోలతో చేసిన పోర్ట్‌ఫోలియోను అనుభవమున్నవాళ్లు చూడగానే పసిగడతారు. ఇంకో రకం, లక్షల్లో ఫీజు తీసుకుని "డిప్లొమా, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అనేవారు. ఫీజు కట్టేముందు మూడు విషయాలు అడగండి. సర్టిఫికెట్ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది? గత బ్యాచ్ విద్యార్థులు సొంతంగా తీసిన ఫొటోలు చూపిస్తారా? మా పిల్లవాడు తీసిన ప్రతి ఫొటోనూ కూర్చోబెట్టి తప్పొప్పులు చెప్పేది ఎవరు? మూడో ప్రశ్నకు సూటి జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి.

పద్ధతిగా చదవాలనుకునేవారికి హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది. ఇంటర్ పాసై ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ తర్వాతైతే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) గాంధీనగర్‌లో ఫొటోగ్రఫీ డిజైన్, సినిమా కెమెరా వైపైతే పుణే, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లు.

నన్నడిగితే ఎక్కువమందికి సరిపడే దారి వేరే ఉంది. ఏ డిగ్రీలో ఉన్నారో ఆ డిగ్రీ పూర్తి చేస్తూ, సెలవుల్లో మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ రూర్కీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ కెమెరా పట్టారు. ప్రముఖ ఫొటోగ్రాఫర్ రఘురాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. చదువు వీళ్లకు అడ్డు రాలేదు. అందుకని "ఫొటోగ్రఫీయా, డిగ్రీయా, తేల్చుకో" అని పిల్లలను గోడకు నిలబెట్టకండి.

అసిస్టెంట్‌గా మొదట లైటు పట్టుకోవాలి, బ్యాటరీలు చార్జింగ్ పెట్టాలి, కార్డులోని ఫొటోలు రెండు చోట్ల కాపీ చేసేదాకా ఇంటికి పోకూడదు. డబ్బు తక్కువే ఇస్తారు. అయినా అక్కడ వచ్చే చదువు ఏ వీడియోలోనూ రాదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. తెర ఎప్పుడు దించుతారో, పురోహితుడు ఎటు కూర్చుంటారో, ఈ కుటుంబంలో ఏ తంతు ముందో తెలిసినవాడే ముందుగా సరైన చోట నిలబడగలడు. కసిరే పెద్దాయనను నొప్పించకుండా పక్కకు జరపడమూ అక్కడే వస్తుంది.

పెళ్లిళ్లొక్కటే మార్గం అనుకోకండి. ఆన్‌లైన్ అమ్మకాలకు చీరలు, నగలు, పచ్చళ్ల సీసాలు తీసే ప్రొడక్ట్ ఫొటోగ్రఫీకి ముహూర్తాలతో పనిలేదు. చిన్న గది, రెండు లైట్లు, ఓపిక ఉంటే చాలు. కొత్తవారికి నేను మొదట సూచించేది ఇదే. పురావస్తు శాఖలో, ఫోరెన్సిక్ విభాగాల్లో, పత్రికల్లో కూడా ఫొటోగ్రాఫర్ల అవసరం ఉంటుంది. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెలనూ బతుకమ్మనూ ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. ఆయన పేరు నిలబడింది తన నేలను శ్రద్ధగా చూసినందుకే. అమ్మాయిలను ఈ రంగానికి పంపడానికి సందేహించే తల్లిదండ్రులకు ఒక మాట: దీన్‌దయాళ్ 1890లలోనే హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో పెట్టి, దాని నిర్వహణ ఒక మహిళకు అప్పగించారు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలాకు 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మీ అమ్మాయి కొత్త దారేమీ తొక్కడం లేదు.

పనిలోకి దిగేముందు కాగితం రాసుకోవడం అలవాటు చేసుకోండి. అడ్వాన్స్ ఎంత, ఎన్ని ఫొటోలు, ఆల్బమ్ ఎప్పటికి అన్నవన్నీ అందులో ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న వారిదే. పెళ్లికూతురి ఫొటోను అడగకుండా ఇన్‌స్టాలో పెట్టి చిక్కుల్లో పడకండి.

అమ్మానాన్నలకు నా విన్నపం ఇది. ఇష్టమైన ప్రతిదీ ఉద్యోగం కావాల్సిన పనిలేదు, ఆ మాట పిల్లలకు మీ నోటితోనే చెప్పండి. ఆరు నెలలు వాళ్లు తీసినవి వారానికోసారి కూర్చుని చూడండి, డబ్బుల మాట ఎత్తకండి. ఆ తర్వాత కూడా పిల్లవాడు తెల్లవారుజామున లేచి వెలుతురు కోసం బయటికి వెళ్తుంటే, పాతవాళ్లు షట్టర్ ఎన్నిసార్లు నొక్కారో చూసుకుని ఒక సెకండ్ హ్యాండ్ బాడీ, ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనివ్వండి. మొదటి ఏడాదికి అంతకు మించి అక్కర్లేదు.