లఘుచిత్ర నిర్మాణం – ప్రధాన పాత్ర రూపకల్పన

చలనచిత్రం సమష్టి కళ అన్న మాట పాఠ్యగ్రంథాలలో తరచు కనిపిస్తుంది. సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, నటన అన్నీ అందులో కలుస్తాయన్నది నిజమే. కాని మన విద్యార్థులు పది నిమిషాల లఘుచిత్రం తీయబూనినప్పుడు సమష్టి కళ కాస్తా సమష్టి కోలాహలంగా మారుతున్నది. జేబులోని సెల్‌ఫోనే కెమెరాగా పనిచేస్తున్న ఈ కాలంలో చిత్రం తీయటం సులభమైంది. ఏమి తీయాలో ముందుగా ఆలోచించటం మాత్రం సులభం కాలేదు. ఫోను ఎవరిది, నేపథ్యంలో ఏ పాట, తెర మీద ఎవరి పేరు ముందు పడాలి అన్న చర్చలన్నీ ముగిసిన తరువాత గాని, ఇంతకూ ఈ చిత్రంలో మనిషి ఎవరు అన్న ప్రశ్న తలెత్తదు. ఆ ప్రశ్ననే మొదటికి తెచ్చి, దాని నుండి తక్కిన ప్రణాళిక ఎట్లా పుడుతుందో ఇక్కడ వివరింపదలచాము.

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తమీ 1970లో తన మొట్టమొదటి చిత్రంగా సుమారు పది నిమిషాల లఘుచిత్రం ఒకటి తీశారు. దాని ఫారసీ పేరు ‘నాన్ ఓ కూచే’, అనగా రొట్టె, సందు. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఈ పేరు బోధపడటానికి నిఘంటువు అక్కరలేదు. రొట్టె పట్టుకొని ఇంటికి పోతున్న ఒక పిల్లవానికి సందులో కుక్క అడ్డు తగులుతుంది. కథ ఇంతే. పిల్లవాడు ఆగిపోతాడు. పెద్దవారెవరైనా అటు వెళితే వారి వెనుక నడిచిపోవచ్చునని నిరీక్షిస్తాడు. ఒక వృద్ధుడు వస్తాడు గాని, ఆయన మధ్యలోనే మరొక దారి పడతాడు. చివరకు పిల్లవాడు రొట్టె తుంచి కుక్కకు వేస్తాడు. అది తోక ఊపుతూ ఇంటిదాకా వెంట వస్తుంది. తలుపు మూతపడగానే అక్కడే పడుకొంటుంది. అంతలో చేత గిన్నె పట్టుకొని మరొక పిల్లవాడు ఆ సందులోకి వస్తాడు.

ఆ పిల్లవాని తండ్రి ఏమి చేస్తాడో, ఇంటి సంపాదన ఎంతో చిత్రంలో ఎక్కడా చెప్పలేదు. అయినా వాడు మనకు తెలుసు. భయస్థుడు, ఓపిక గలవాడు, కొంచెం తెలివైనవాడు. ఈ సంగతులన్నీ వాని చేతలే చెప్పాయి. ఇంటికి చేరాలన్న కోరిక ఒకటి, అడ్డం నిలిచిన కుక్క ఒకటి. లఘుచిత్రానికి కావలసిన సరంజామా అంతకు మించి లేదు.

మన విద్యార్థుల కథలలో జరుగుతున్నది దీనికి విపరీతం. వారు మొదట సమస్యను ఎన్నుకొంటారు: నిరుద్యోగం, వరకట్నం, మత్తుమందులు. తరువాత ఆ సమస్యను మోయటానికి ఒక మనిషిని పట్టుకొని వస్తారు. ఆ మనిషి పది నిమిషాల సేపు బాధపడి, పదకొండవ నిమిషంలో ఉపన్యాసమిస్తాడు. గోడపత్రికకు కాళ్లు చేతులు మొలిచినట్లుండే ఆ వ్యక్తిని పాత్ర అనటానికి మాకు మనసొప్పదు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. దూదేకులవారు, నూర్‌బాషాలు అని పిలువబడే తెలుగు ముస్లింల కులవృత్తి దూది ఏకటం, పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టటం. విల్లుకు కట్టిన నారిని కొయ్యతో కొట్టి దూదిని పింజలుగా విడదీసే పని యంత్రాలు వచ్చాక తగ్గింది; ఫోము పరుపులు వచ్చాక మరింత తగ్గింది. ‘అంతరిస్తున్న చేతివృత్తి’ అని వ్రాసుకొంటే అది వ్యాసమవుతుంది గాని చిత్రం కాదు. కావున వృత్తిని కాసేపు పక్కనబెట్టి ఒక మనిషిని ఊహిద్దాం. పల్నాటి పల్లెలో డెబ్బై ఏండ్ల పెద్దాయన. పేరు మస్తాన్ అనుకొందాం. కోస్తా జిల్లాలలో హిందువులు, ముస్లింలు ఇరువురూ పెట్టుకొనే పేరు అది. పేరు పెట్టటంతోనే ఆయన ఊరు సగం తెలిసిపోతుంది. మనుమరాలు ఇంటర్మీడియెట్ చదువుకు సాయంత్రం బస్సులో హాస్టలుకు పోతున్నది. ఆమెకొక రజాయి కుట్టి ఇవ్వాలన్నది ఆయన కోరిక. అడ్డం ఏమిటి? పేదరికమనో, ఫోము పరుపుల కంపెనీ అనో వ్రాయవద్దు. ఆయనకు కంటిచూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. ఎక్కించి పెట్టమని ఎవరినీ అడగడు.

ఈ చివరి వాక్యంతోనే పాత్ర పుట్టిందని మా అభిప్రాయం. చూపు తగ్గటం వయసు వలన ఎవరికైనా వచ్చేదే. అడగకపోవటం మాత్రం ఆయన స్వభావం. ఇక మీదట విద్యార్థులు వేసుకోవలసిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. దారం కొసను ఎన్నిసార్లు తడి చేస్తాడు? ఎవరైనా గుమ్మంలోకి వస్తే సూదిని ఎక్కడ దాస్తాడు? కోడలికి సంగతి తెలుసునా, తెలిసి తెలియనట్లుంటున్నదా? కోడలు తెలిసే ఊరకున్నదంటే చిత్రానికి రెండవ పాత్ర కూడా దొరికినట్లే.

ఆయన మాట్లాడే భాష విషయమై కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. తెలుగు తెర మీద ముస్లిం పాత్ర అనగానే విరిగిన తెలుగు, మెడలో తాయెత్తు, నాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు తరచుగా ఎదురవుతారు. మన విద్యార్థులు కూడ తమ తాతలను మరచి ఆ తెర తాతనే అనుకరించటం మేము చూస్తున్నాము. మస్తాన్ తాత ఇంటిలో మాట్లాడేది తెలుగే, అదీ పల్నాటి తెలుగు. నూర్‌బాషాల ఇండ్లలో చాలావాటికి ఇంటి భాష అదే. ఆయన నోట ‘అరే భాయ్’ అనిపిస్తే ఆయన ఇంటివారే నవ్వుతారు. మరి పాతబస్తీలో లక్కగాజులు చేసే కుటుంబం మీద కథ వ్రాస్తే అక్కడ దక్కనీ ఉర్దూయే వినిపించాలి. రెండు భాషలు నేర్పే కళాశాలలో చదువుతున్న వారికి ఈ భేదం చెవికి తెలియాలి. రజాయి, గలేబు అన్న మాటలు ఉర్దూ నుండి వచ్చినవే అయినా తెలుగింటి గృహిణి వాటిని పరాయి మాటలనుకోదు. అటువంటి మాటలు సంభాషణలో సహజంగా దొర్లితే చాలు. మనుమరాలు ‘తాతా’ అని పిలుస్తుందా, ‘దాదా’ అని పిలుస్తుందా అన్నది తరగతి గదిలో నిర్ణయించేది కాదు, ఆ ఇంటికి వెళ్లి వినవలసినది.

పెద్ద చిత్రాలలోనూ ఈ శ్రద్ధకు తార్కాణాలున్నాయి. ఎం. ఎస్. సత్యు 1973లో తీసిన ‘గరమ్ హవా’లో ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసే సలీం మిర్జాగా బల్‌రాజ్ సహానీ నటించారు. దేశవిభజన వంటి మహావిపత్తు కథావస్తువైనా, మనకు గుర్తుండేది సలీం ముసలితల్లి. పోయిన ఇంటినే ఆమె కోరుకొంటుంది. అవసానకాలంలో ఆమెను పల్లకిలో ఆ ఇంటికే తీసుకొని వస్తారు. గౌతం ఘోష్ 1979లో తీసిన ‘మా భూమి’ తెలంగాణ రైతు కథ. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ఉర్దూలో వ్రాసిన కథ, వంగదేశపు దర్శకుడు, తెలుగు చిత్రం! మన గ్రంథాలయంలో ఉర్దూ అలమర ఒక గోడకు, తెలుగు అలమర ఎదుటి గోడకు ఉన్నంత మాత్రాన కథలు అట్లా వేరుపడి ఉండవు.

ఇక ప్రణాళిక. పాత్ర స్థిరపడితే ఇది పెద్ద కష్టం కాదు. పద్ధతి ప్రకారం వ్రాసిన స్క్రిప్టులో ఒక పుట తెర మీద సుమారు ఒక నిమిషమని లెక్క; పది పుటలు దాటితే కత్తిరించాలి. మన కథకు ఒకే పెరడు, ఒకే పగలు చాలు. రజాయి కుట్టు ముందుకు సాగేకొద్దీ తెర మీద కనిపించాలి గనుక దృశ్యాలను కథాక్రమంలోనే తీయటం మేలు. కుట్టినది విప్పి మళ్లీ తీయాలంటే తాతగా నటించేవారి ఓపిక నశిస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ముఖం మీద నల్లని నీడలు పడతాయి కాబట్టి ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తరువాత పెరటి దృశ్యాలు తీసి, నడిమి వేళ వసారాలోకి మారాలి. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది. దీపాల వెలుగులో తీసేటప్పుడు సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం సెకనులో 50వ వంతు పెట్టుకొంటే బొమ్మ మిణుకుమిణుకుమనదు.

శబ్దం మీద మన వారికి బొత్తిగా శ్రద్ధ లేదు. ఫ్యాను ఆపాలి. మాటలు లేని పెరటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. కూర్పు సమయంలో అతుకుల మధ్య నింపటానికి అది ఎంతో అవసరం. మరొక చిక్కు: షాటు నడుమ అజాన్ వినిపిస్తే, ఆ షాటును తరువాతి దానితో కలపటం కుదరదు. అజాన్ ముగిసేదాకా ఆగటమా, లేక దానినే కథలో కాలసూచికగా వాడటమా అన్నది ముందే తేల్చుకోవాలి. జొహర్ వేళకు దారం ఎక్కలేదు, అసర్ వేళకు ఇంకా సగం కుట్టు మిగిలింది – ఇంతకంటె మంచి గడియారం మన కథకు దొరకదు. సినిమా పాటను నేపథ్యంలో అతికించటం కాపీరైటు చట్టాన్ని ఉల్లంఘించటమే. పైగా ఈ కథకు పాట అక్కరలేదు. ఖర్చులో భోజనాల వంతు ఎంతో ముందే వ్రాసి పెట్టుకోవటం మంచిది. బిర్యానీతోనే సగం నిధి హరించుకుపోయిన బృందాలు లేకపోలేదు.

ఇంటివారి అనుమతి, ముఖ్యంగా స్త్రీల అనుమతి, వారినే అడిగి తీసుకోవాలి. ఇంటి పెద్ద ‘సరే’ అన్నంత మాత్రాన చాలదు. కళాశాల కార్యవర్గం వారు ఒక మంచి మైకు, కూర్పు పనికి ఒక గది సమకూర్చగలిగితే విద్యార్థులు తక్కినది సమకూర్చుకోగలరు.

చిత్రం ముగింపును గురించి తరగతిలో వాదోపవాదాలు తప్పవు. మనుమరాలు వచ్చి దారం ఎక్కించి కంటతడి పెట్టాలని ఒకరంటారు. బస్సు వెళ్లిపోవాలని మరొకరంటారు. కోడలు తెల్లవారుజామునే అయిదారు సూదులకు దారం ఎక్కించి, తాత కూర్చునే చోట చాపకు గుచ్చి, ఏమీ ఎరగనట్లు పొయ్యి దగ్గరకు పోతుందని, ఆయన కూడ ఏమీ ఎరగనట్లు వాటిలో ఒకటి తీసుకొంటాడని మేము వ్రాస్తాము. వేరొక ముగింపు తోచినవారు స్క్రిప్టు పట్టుకొని, దూది పని చేసిన పెద్దలెవరి దగ్గరకైనా వెళ్లి చదివి వినిపించండి. వారు ఏ పుట దగ్గర ‘అట్లా జరగదు నాయనా’ అంటారో ఆ పుట మళ్లీ వ్రాయండి.