బిడ్డనే అడుగుదము

వాక్యభాగము: మార్కు 10:46–52



యెరికో త్రోవ ప్రక్కను కూర్చున్న బర్తిమయి సంగతి మనమందరము ఎరుగుదుము. ఆ చూపులేనివాడు కేకలు వేయగా, ఊరకుండుమని అనేకులు గద్దించిరి. ప్రభువైతే నిలిచి, అతనిని పిలిపించి, అతని కోరిక ఏమిటో అడిగెను. అతని అక్కర అందరికిని కనబడుచునే యున్నది. అయినను అతని నోటనే వినగోరెను. ఈ మాసపు పాఠము ఆ ప్రశ్నలోనే యున్నది.

మన గ్రామములలో చూపులేని, నడవలేని, చెవి వినబడని పిల్లలు గలరు. వారు కాలేజీ చదువులకు ఎదిగినప్పుడు మనమేమందుము? “నీకెందుకమ్మా ఆ కష్టము, పింఛను వచ్చును గదా” అందుము. లేదా ఏదో ఒక సులువైన పనిని మనమే నిర్ణయింతుము. ప్రేమచేతనే అందుము. కాని అదియు యెరికో జనుల గద్దింపువంటిదే.

మచిలీపట్నము దగ్గర సీతారామపురమున, వ్యవసాయ కుటుంబములో, పుట్టుకతోనే చూపు లేక జన్మించినవారు బొల్లా శ్రీకాంత్ గారు. పదవ తరగతి తరువాత వారు సైన్సు చదువగోరిరి. చూపులేనివారికి అది కుదరదనిరి. వారు న్యాయస్థానమునకు వెళ్లి, నెలల తరబడి కనిపెట్టి, అనుమతి పొందిరి. ఇంటర్మీడియట్‌లో 98 శాతము మార్కులు తెచ్చుకొనిరి. అమెరికాలో ఎం.ఐ.టి.యందు చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, వికలాంగులకు పని కల్పించిరి. ఇతరులు ఎన్నిపెట్టిన చదువు కొరకు ఎవరును కోర్టు మెట్లెక్కరు. తన కోరికయే మనిషిని నిలువబెట్టును.

అందరును అంతటివారు కానక్కరలేదు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరువబడినది మొదలు, హైటెక్ సిటీ ప్రాంతము కంప్యూటరు పనికి నిలయమైనది. ఆ పనికి కాళ్ల బలముకంటె ఆలోచన ముఖ్యము. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనములు గలవు. ఎన్.వి.డి.ఎ. అనుదానిని చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియావారు 2006లో ప్రారంభించిరి. అది ఉచితముగా దొరకును, తెలుగును కూడ చదువును. అయినను దారి సుళువని మేము చెప్పము. బస్సు మెట్లు, అద్దె గది, ఇంటర్వ్యూలో అనుమానపు చూపు, ఇవన్నియు గలవు.

చట్టము తోడుగా నున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, 40 శాతమైనను వైకల్యము గలవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాలయములలో నూటికి 5 సీట్లు, ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి 4 కేటాయింపవలెను. అయితే సర్టిఫికేటు తెచ్చుకొనుటకు ఆసుపత్రికి, చేరుటకు కాలేజీకి తోడు వెళ్లు మనిషి కావలెను. ఆ మనిషి సంఘములోనే దొరకవలెను.

ఆలోచించుడి:

1. మన సంఘములో అట్టి విద్యార్థి ఎవరు? ఏమి కావగోరుచున్నావని ఆ బిడ్డను ఎవరైన అడిగిరా?

2. మన జాలి ఎవరి నోరైన మూయించినదా?

3. ఈ మాసము ఆ బిడ్డతో కూడ ఎవరు వెళ్లుదురు?