నకలు వీడియో గేమ్ – ఒక పరిశీలన

వీడియో గేమ్ అంటే 1990 దశకంలో నిజామాబాదులోనైనా, బోధన్‌లోనైనా మాకు తెలిసిన వస్తువు ఒకటే. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, వైర్లతో వేలాడే రెండు రిమోట్లు, నెత్తిన పసుపుపచ్చ 'కాసెట్'. లోపల టేపు లేకపోయినా దాన్ని కాసెట్ అనే అనేటోళ్ళం. చెరుకు బిల్లు చేతికొచ్చిన ఇంట్లో టీవీ పక్కన అదీ చేరేది. లేనివాళ్ళు గంట లెక్కన అద్దెకు ఆడుకునేవారు. అది నకలు అన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. అసలుది ఎట్లుంటదో చూసినోళ్ళుంటే గదా! ఇటీవల అలాంటి డబ్బా ఒకదాన్ని స్క్రూలు విప్పి పరిశీలించాను. అందులోంచి పుట్టినదే ఈ వ్యాసం.

దీనికి మూలం జపానులో నింటెండో కంపెనీ 1983 జూలై 15న విడుదల చేసిన ఫామికామ్. అమెరికాలో 1985లో ఎన్.ఇ.ఎస్. అనే పేరుతో, వేరే ఆకారంలో వచ్చింది. అమెరికా యంత్రంలో ఒక తాళం చిప్పు ఉంటుంది. కాసెట్‌లో దాని జోడీ చిప్పు లేకుంటే ఆట మొదలు కాదు. జపాను యంత్రానికి ఈ తాళం లేదు. అందుకే నకలు చేసినవారు చాలామంది జపాను నమూనానే పట్టుకున్నారు. నేను విప్పినదాని గాడిలో పళ్ళు లెక్కిస్తే 60 ఉన్నాయి, అమెరికా దానికైతే 72. తైవాన్‌కు చెందిన యు.ఎం.సి. కంపెనీ ఇలాంటి యంత్రాలకు చిప్పులు తయారుచేసింది. మన దేశంలో 'మీడియా', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లతో అమ్ముడైనవి ఈ వంశానివే. కాలక్రమాన అన్ని చిప్పుల పనీ ఒకే చిప్పులోకి ఇమిడింది. నా డబ్బాలో కనిపించింది చిన్న బోర్డు, నడుమ నల్లటి జిగురుబొట్టు, అంతే. యంత్రమంతా ఆ బొట్టు కిందే ఉంది.

ఇంతకూ ఆ మూలమైనా పూర్తిగా సొంతమా? ఫామికామ్‌లోని ప్రాసెసర్‌ను చేసింది రికో కంపెనీ. దాని గుండె అమెరికాలో ఎం.ఓ.ఎస్. టెక్నాలజీ 1975లో 25 డాలర్లకు అమ్మిన 6502. రికో చిప్పులో దశాంశ గణితం చేసే భాగానికి తీగె తెంచి ఉంది. పేటెంటు గొడవ తప్పించుకోవడానికేనని చాలామంది భావిస్తారు. ఇక ఆ 6502ను రూపొందించిన చక్ పెడిల్ బృందం మోటరోలా నుంచి బయటికొచ్చినవారు. వారి 6501 చిప్పు మోటరోలా 6800 గాడిలో సరిగ్గా కూర్చునేది. మోటరోలా దావా వేయగా 6501ను మానుకొని, 1976లో 2 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డారు. కనుక 'అసలు', 'నకలు' అనే గీత మనం అనుకున్నంత తిన్నగా ఉండదు.

నకలు చేసినవారు గుడ్డిగా ఎక్కించారనడం కూడా న్యాయం కాదు. జపాను టీవీ సెకనుకు 60 బొమ్మలు, బొమ్మకు సుమారు 262 గీతల చొప్పున గీసేలా ఆ ఆటలు రాశారు. మన టీవీలది పాల్ పద్ధతి: 50 బొమ్మలు, 312 గీతలు. నింటెండో తన పాల్ యంత్రంలో ప్రాసెసర్‌ను 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గించింది. ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా తెర మీద జపానులో 3 చుక్కలు పడితే, ఇక్కడ 3.2 పడతాయి. అడుగులు లెక్కపెట్టుకొని బొమ్మ మార్చే జపాను ఆటలకు ఇది తాళం తప్పినట్టే. పాల్ దేశాలకు నకలు చేసినవారు 1.77 మెగాహెర్ట్జ్ ఎంచుకొని ఆ 3 చుక్కల లెక్కను నిలబెట్టారు. అదనంగా వచ్చిన 50 గీతలను, బొమ్మ ముగిసిన తర్వాత, 'ఇక మార్చుకో' అనే సంకేతానికి ముందు పనిలేని సమయంగా పెట్టారు. దాంతో ఆటకు దొరికే వ్యవధి జపానులో మాదిరిగానే 20 గీతలు. జపాను కాసెట్ చెక్కుచెదరకుండా నడిచింది. వేగం మాత్రం దక్కలేదు: మనం ఆడిన కాంట్రా, విన్న మరియో పాట జపాను కంటే ఆరో వంతు నిదానం!

చెవికి దొరికే తప్పు మరొకటుంది. చాలా నకళ్ళలో శబ్దం పుట్టించే భాగంలో 25 శాతం, 50 శాతం అలలు ఒకదాని చోట ఒకటి పడ్డాయి. స్వరం అదే, నాదం వేరు. తాళపత్రం ఎత్తిరాసే లేఖకుడు రెండక్షరాలు తారుమారు చేస్తే, ఆ తప్పును బట్టి ఏ ప్రతి దేని నుంచి వచ్చిందో పరిష్కర్తలు పసిగడతారు. ఇక్కడా అంతే.

ఇక కాసెట్ సంగతి. ప్రాసెసర్ మామూలుగా ఒక్కసారి 32 కిలోబైట్ల ప్రోగ్రామునే చూడగలదు. అంతకు మించితే కాసెట్‌లోని మరో చిప్పు వంతులవారీగా ముక్కలను ముందుకు తోస్తుంది. 2015లో మూతపడిన మన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు తలచుకోండి: యార్డులో వందల బండ్లున్నా కాంటా మీదికి ఎక్కేది ఒక్కటే. '9999999 ఆటలు' అన్న కాసెట్‌లోనూ నిజంగా ఉండేవి కొన్నే. అదే ఆటను రెండో అంచె నుంచో, ఎక్కువ ప్రాణాలతోనో మొదలుపెట్టి కొత్త నంబరు వేసేవారు. ఈ మోసం అందరికీ తెలిసిందే, నవ్వుకున్నాం కూడా.

చట్టం దృష్టిలో యంత్రం వేరు, ఆట వేరు. 1980 దశకం నాటి యంత్రం పేటెంట్లకు ఎప్పుడో కాలం చెల్లింది. అలాంటి యంత్రాన్ని ఈనాడు మన విద్యార్థి తయారుచేస్తే ఆ పేటెంట్లు అడ్డురావు. ఆటలు ఇంకా కాపీరైటు కిందనే ఉన్నాయి. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా 1957 నాటి కాపీరైటు చట్టంలోకి తెచ్చింది 1984 సవరణ. ఆ 'చైనా మాల్' యంత్రాన్ని చేసినవారిని దొంగలనడానికి నాకు నోరు రాదు. ఆ లెక్కలు కట్టినవారు ఇంజనీర్లే. కాసెట్ చేసినవారిని మాత్రం సమర్థించలేను. నా దగ్గరున్న పసుపు కాసెట్‌ను పాత టీవీకి తగిలించి ఒక్కో ఆట తొలి తెరను చూశాను. తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉండవలసిన చోట చాలావాటిలో నల్లటి ఖాళీయే ఉంది. కొలోఫన్ చెరిపేసిన తాళపత్రం మాదిరి.