కంప్యూటరులో ప్రోగ్రాము తెరుచుకోకపోతే ఏం చెయ్యాలి?



పోయిన నెల మన కంప్యూటర్ గదిలో జరిగిన గొడవ మీ అందరికీ తెలుసు. మూడో నంబరు కంప్యూటరులో రాసుకునే ప్రోగ్రాము తెరుచుకోలేదు. ముందురోజు సాయంత్రం దాని ముందు చివరగా కూర్చున్నది ఏడో తరగతి చెల్లి. "నువ్వే ఏదో నొక్కి పాడుచేశావు" అని అందరూ ఆ చెల్లినే అన్నారు. నేను కూడా అన్నాను. గదికి తాళం పడింది. ఆ చెల్లి వాళ్ళ అవ్వ పాడే పెళ్ళి పాటలు అందులో టైపు చేస్తోంది. అప్పటికి నాలుగు పేజీలు అయినాయి. అవి పోయినాయేమో అని రెండు రోజులు సరిగా అన్నం కూడా తినలేదు.

చివరికి తేలింది ఏమంటే తప్పు ఆ చెల్లిది కాదు. అది ఎట్లా తేలిందో చెప్తే మీకు కూడా పనికొస్తదని ఈ పాఠం రాస్తున్నాను. లెక్కల మేడం దగ్గర నేర్చుకున్నదే ఇదంతా. అర్థం కాకపోతే నన్ను అడగండి.

డబుల్ క్లిక్ చేస్తే లోపల ఏం జరుగుద్ది?

మనం వాడేది లిబ్రేఆఫీస్ రైటర్. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. 2010లో ఓపెన్ ఆఫీస్ అనే ప్రోగ్రాము నుంచి కొంతమంది విడిపోయి దీన్ని మొదలుపెట్టారు. దీని బొమ్మ మీద మౌస్‌తో రెండుసార్లు నొక్కగానే కంప్యూటరు ఈ నాలుగు పనులు చేస్తుంది.

1. హార్డ్ డిస్కులో ప్రోగ్రాము ఎక్కడుందో వెతుకుతుంది.
2. దాన్ని మెమొరీలోకి తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్కు గాదె లాంటిది, మెమొరీ చేట లాంటిది. గాదెలో ఎన్ని వడ్లు ఉన్నా చేటలోకి తీస్తేనే కదా చెరుగుతాం.
3. మన అలవాట్లు రాసి పెట్టుకున్న ఫోల్డరు చదువుతుంది. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి, ఏ భాషలో రాయాలి వంటివి అందులో ఉంటాయి. దీన్ని యూజర్ ప్రొఫైల్ అంటారు.
4. రాసుకునే కిటికీ తెరుస్తుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్క చోట ఆగినా మనకు బయటికి ఒకేలా కనిపిస్తది, "తెరుచుకోవడం లేదు" అని. కావున ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోవాలి.

మా ఊళ్ళో బోరింగు పాడైతే మెకానిక్ వచ్చీ రాగానే విప్పడు. ముందు హ్యాండిల్ కొట్టి చూస్తాడు. హ్యాండిల్ ఏ బరువూ లేకుండా తేలిగ్గా ఆడితే లోపల కడ్డీ ఊడిందంటాడు. చాలాసేపు కొడితే గానీ నీళ్ళు రాకపోతే లోపల వాల్వు దగ్గర నీరు జారిపోతోందంటాడు. ఎండాకాలమైతే నీరు అడుక్కి పోయిందా అని కూడా చూస్తాడు. గుర్తును బట్టి మందు. మనం కూడా అట్లాగే చెయ్యాలి.

వరుసగా చూడవలసినవి

మొదటిది: ఆగి చూడాలి. తెరుచుకోకపోతే మనం టకటకా పదిసార్లు నొక్కుతాం. ఇది తప్పు. ప్రతి నొక్కూ ఒక కొత్త పని చెప్పినట్టే. మన కంప్యూటర్లు పాతవి, ఇంకా నెమ్మదైపోతాయి. ఒకసారి నొక్కి మనసులో అరవై వరకు లెక్కపెట్టండి. ఏమీ రాలేదా, చిన్న బొమ్మ వచ్చి మాయమైందా, ఏదైనా మాట రాసి వచ్చిందా చూడండి. మాట వస్తే వెంటనే ఓకే నొక్కవద్దు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఒక్కో అక్షరం చూసి నోటుబుక్కులో దింపుకోండి. తర్వాత తెలిసినవాళ్ళు చదివి చెప్తారు. అక్షరం పోతే ఆధారం పోతది.

రెండోది: మిగతా ప్రోగ్రాములు తెరుచుకుంటున్నాయా? క్యాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్ తెరిచి చూడండి. అవి కూడా రాకపోతే జబ్బు కంప్యూటరుది. అవి వస్తే జబ్బు ఆ ఒక్క ప్రోగ్రాముదే.

మూడోది: బొమ్మ సరైనదేనా? తెర మీద మూలన చిన్న బాణం గుర్తున్న బొమ్మ అసలు ప్రోగ్రాము కాదు. అది దారి చూపే బోర్డు మాత్రమే. బోర్డు పోయినంత మాత్రాన ఊరు పోదు. స్టార్ట్ మెనూలోకి వెళ్ళి అక్కడ నుంచి తెరిచి చూడండి.

నాలుగోది: లోపల ముందే ఇరుక్కుని ఉందా? ఒక్కోసారి ప్రోగ్రాము కిటికీ మూసుకున్నా లోపల ఇంకా నడుస్తూ ఉంటది. అప్పుడు కొత్తగా తెరవమంటే తెరవదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. అందులో డీటెయిల్స్ అనే చోట సాఫీస్ డాట్ బిన్ అనే పేరు ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని ఎంచి ఎండ్ టాస్క్ నొక్కాలి. కానీ ముందు ఎవరిదైనా సేవ్ చెయ్యని పని తెరిచి ఉందా అని అడగండి. ఉంటే అది పోతది.

ఐదోది: రీస్టార్ట్ చెయ్యాలి. షట్ డౌన్ చేసి మళ్ళీ వేస్తే చాలు అనుకుంటాం. కానీ విండోస్ 8 నుంచి వచ్చిన కంప్యూటర్లలో త్వరగా లేవడానికి ఒక పద్ధతి పెట్టారు. అది పని చేస్తున్నప్పుడు షట్ డౌన్ చేసినా లోపలిది కొంత దాచిపెట్టుకుని మళ్ళీ అదే తెచ్చుకుంటది. రీస్టార్ట్ అంటేనే మొత్తం కొత్తగా మొదలవుద్ది.

ఆరోది: డిస్కు నిండిందా? దిస్ పీసీ తెరిచి సి డ్రైవ్ కింద గీత చూడండి. ఎర్రగా ఉంటే నిండిపోవడానికి దగ్గరైంది. అక్కర్లేనివి తీసి రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యాలి. ఎవరి ఫైలో తెలియకుండా తీయవద్దు.

ఏడోది: సేఫ్ మోడ్. ఇది లిబ్రేఆఫీస్‌లో 2017 నుంచి ఉంది. స్టార్ట్ మెనూలో లిబ్రేఆఫీస్ పేరు పక్కన సేఫ్ మోడ్ అని ఉంటది. దీన్ని నొక్కితే మన పాత ప్రొఫైల్‌ను పక్కన పెట్టి కొత్త దానితో తెరవడానికి చూస్తది. ఇట్లా తెరుచుకుంటే ప్రోగ్రాము బాగానే ఉంది, ప్రొఫైలే చెడిందని అర్థం. అప్పుడు అక్కడే ప్రొఫైల్‌ను మొదటి స్థితికి తెచ్చే ఏర్పాటు ఉంటది. ఇది మాత్రం మేడం ఉన్నప్పుడే చెయ్యాలి. ఎందుకంటే నిఘంటువులో మనం కలుపుకున్న మాటలు, పెట్టుకున్న అలవాట్లు పోతాయి. మనం డాక్యుమెంట్స్‌లో సేవ్ చేసుకున్న ఫైళ్ళు మాత్రం పోవు. అవి ఉండే చోటు వేరు.

అసలు ఏం జరిగింది?

మూడో నంబరు పాడైనప్పుడు పట్నం నుంచి ఒకాయన వచ్చారు. ఏమీ అడగలేదు. ప్రోగ్రామును మొత్తం తీసేసి మళ్ళీ వేశారు. అయినా తెరుచుకోలేదు. "పిల్లలు ఏదో చేశారు" అని చెప్పి వెళ్ళిపోయారు. రోగం ఒకటైతే మందు ఒకటి అన్నట్టు అయింది.

ఆదివారం మేడం తాళం తీసి నన్ను పిలిచారు. ఇద్దరం వరుసగా చూశాం. క్యాలిక్యులేటర్ వచ్చింది. స్టార్ట్ మెనూ నుంచి కూడా రైటర్ రాలేదు. టాస్క్ మేనేజర్‌లో ఏమీ ఇరుక్కోలేదు. రీస్టార్ట్ చేసినా అంతే. డిస్కులో చోటుంది. సేఫ్ మోడ్‌లో పెట్టగానే తెరుచుకుంది! అప్పుడు మేడం చెప్పారు, ప్రోగ్రామును తీసి మళ్ళీ వేసినా పాత ప్రొఫైల్ అక్కడే ఉంటదని. అందుకే ఆయన వైద్యం పని చెయ్యలేదు.

మరి ప్రొఫైల్ ఎందుకు చెడింది? మేడం కంప్యూటర్ గది రిజిస్టరు తెరిచారు. ఆ రోజు ఏడో తరగతి చెల్లి తన పేరు ఎదురుగా ఇట్లా రాసింది: "6.10కి కరెంటు పోయింది. కంప్యూటరు దానంతట అదే ఆగిపోయింది." మన బ్యాటరీ పెట్టె పని చెయ్యడం మానేసి చాలా రోజులైంది. ప్రోగ్రాము ప్రొఫైల్‌లో రాసుకుంటూ ఉండగా కరెంటు పోతే ఆ రాత సగంలో ఆగి చెడిపోవచ్చు. ఇక్కడ జరిగింది అదే అని మేడం అన్నారు.

చెల్లి జరిగింది జరిగినట్టు రాసి పెట్టింది. మనం ఎవ్వరం చదవలేదు. మా అమ్మకు చదువు రాదు. కాగితం మీద ఏం రాసి వేలిముద్ర వేయించుకుంటున్నారో తెలియక చాలాసార్లు మోసపోయింది. నేను చదవడం వచ్చి కూడా కళ్ళ ముందున్న రిజిస్టరు చదవకుండా ఒక చెల్లిని దొంగను చూసినట్టు చూశాను. నాకు చాలా సిగ్గేసింది. ఆ రోజు సాయంత్రమే వెళ్ళి "తప్పు నాది" అని చెప్పాను. చెల్లి ఏమీ అనలేదు. "పాటలున్నాయా అక్కా?" అని అడిగింది. ఉన్నాయి. చివరి పాటలో సేవ్ చెయ్యని మూడు చరణాలు మాత్రం పోయాయి. దసరా సెలవుల్లో అవ్వను అడిగి మళ్ళీ రాసుకొస్తానంది.

గుర్తుంచుకోవలసినవి

- ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యాలి. నాలుగు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.
- ఏం చేశామో, ఏం కనిపించిందో రిజిస్టరులో రాయాలి.
- కంట్రోల్, ఎస్ మీటలు కలిపి మాటిమాటికీ నొక్కి సేవ్ చేసుకోవాలి. ఉరుములు వస్తుంటే పని ఆపేసి కంప్యూటరును సరిగా మూసెయ్యాలి.
- "ఎవరు పాడుచేశారు?" అని కాదు, "ఎక్కడ ఆగింది?" అని అడగాలి.

ప్రశ్నలు

1. బాణం గుర్తున్న బొమ్మ పోతే ప్రోగ్రాము పోయినట్టా?
2. షట్ డౌన్‌కూ, రీస్టార్ట్‌కూ తేడా ఏమిటి?
3. ప్రోగ్రామును తీసి మళ్ళీ వేసినా ఎందుకు బాగవలేదు?

జవాబులు పాఠంలోనే ఉన్నాయి. రాసి శనివారం లోపల నాకు ఇవ్వండి. గది తాళం తీశారు, మన వంతులు మళ్ళీ మొదలైనాయి. మూడో నంబరు మీద మొదటి వంతు ఏడో తరగతి చెల్లికే.

ఇట్లు
మీ సోదరి,
9వ తరగతి