చెత్త ఈ-మెయిళ్ళు ఎందుకు ఆగవు?

మనం అడగకుండానే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు లక్షల మందికి ఒకేసారి పంపే ఈ-మెయిల్‌ను స్పామ్ అంటారు. ఉద్యోగ దరఖాస్తులలో ఈ-మెయిల్ అడ్రసు రాయాలి. కనుక దీని సంగతి మనం తెలుసుకోవాలి.

సెలవులలో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా అన్న రూములో ఉన్నాను. అక్కడి నుండి ఎల్.బి.నగర్ దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులే. బస్టాండు దగ్గర పాంప్లెట్లు పంచుతారు. కాగితం, అచ్చు, పంచే మనిషి కూలి, అన్నీ ఖర్చే. అందుకే ఆ పాంప్లెట్లు మన ఊరిదాకా రావు. ఈ-మెయిల్ అట్ల కాదు. వెయ్యి మందికి పంపినా, పది లక్షల మందికి పంపినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. పది మంది మోసపోయినా వాళ్ళకు లాభమే.

1978 మే 3న అమెరికాలో గారీ థర్క్ అనే ఆయన తన కంపెనీ కంప్యూటర్ల ప్రచారానికి సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. దానినే మొదటి స్పామ్ అంటారు. రెండేళ్ళలో ఈ పీడ పోతుందని 2004లో బిల్ గేట్స్ అన్నాడు. పోలేదు.

ఎందుకు ఆపలేకపోతున్నారు?

1. కవరు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాయొచ్చు కదా! ఈ-మెయిల్‌ కూడా మొదట అట్లనే తయారయింది. తర్వాత తనిఖీలు పెట్టారు. మోసగాళ్ళు ఒక్క అక్షరం మార్చి కొత్త అడ్రసు తెరుస్తున్నారు.

2. స్పామ్‌ను ఏరే జల్లెడలు ఉన్నాయి. జల్లెడ మరీ సన్నగా ఉంటే మంచి ఉత్తరం కూడా ఆగిపోతుంది. మా అన్న హాల్‌టికెట్ మెయిల్ స్పామ్‌లోనే దొరికింది.

3. పంపేవాడు ఒక దేశంలో, వాడు దొంగచాటుగా వాడుకునే కంప్యూటరు ఇంకో దేశంలో ఉంటాయి. అమెరికా 2003లో చట్టం చేసినా స్పామ్ ఆగలేదు. మన ఐ.టి. చట్టం 66-డి సెక్షన్ ప్రకారం కంప్యూటరులో వేరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ళ వరకు జైలు. కానీ దొంగ దొరకాలి కదా!

మా అన్న రూమ్మేటుకు “ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చింది, 2,500 రూపాయలు కట్టండి” అని మెయిల్ వచ్చింది. ఇంట్లో వాళ్ళు పత్తి ఏరిన కూలి పంపితేనే ఆయన రూము కిరాయి కడతాడు. “అప్లై చేయని ఉద్యోగం ఎట్లొస్తది?” అని మా అన్న అడిగాడు. ఆయన డబ్బు కట్టలేదు.

ఇట్లాంటి మెయిల్‌కు జవాబు రాయొద్దు. రాస్తే మన అడ్రసు పనిచేస్తోందని వాళ్ళకు తెలుస్తుంది. లింకు నొక్కొద్దు. ఓ.టి.పి. చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు నోటుబుక్కులో రాసుకోండి, ఇంటి దగ్గర కూడా చెప్పండి.